రోగి మాటే తొలి సాక్ష్యం

వ్యాధి పెట్టే బాధ ఒకటి. "నీకు ఏ వ్యాధీ లేదు, వెళ్ళు" అన్న మాట పెట్టే బాధ మరొకటి. మొదటి బాధకు కషాయములున్నవి, చూర్ణములున్నవి, పథ్యములున్నవి. అవసరమైతే శస్త్రచికిత్స కూడా ఉన్నది. రెండవ బాధకు మాత్రం ఏ నిఘంటువులోనూ మూలిక చెప్పబడలేదు. అది వైద్యుని నోట, బంధువుల నోట, ఇరుగుపొరుగు నోట పుట్టినది. పుట్టిన చోటనే దానికి చికిత్స జరగవలెను.

నా వద్దకు వచ్చే రోగులలో పలువురు తమ బాధ చెప్పుకొనుటకు ముందు ఒక సంచి విప్పుతారు. అందులో రక్తపరీక్షల కాగితాలు, ఎక్స్‌రేలు, స్కానింగు నివేదికలు ఏళ్ళ తరబడి పోగుపడినవి ఉంటాయి. వాటిని బల్లమీద పేర్చి, "అన్నీ నార్మల్ అన్నారండీ. నాకు బాధ మాత్రం పోలేదు. మీరైనా నమ్ముతారా?" అని అడుగుతారు. వైద్యుని వద్దకు వచ్చినవారు "తగ్గిస్తారా?" అని అడగడం లోకసహజం. "నమ్ముతారా?" అని అడుగుతున్నారంటే మన వైద్యవృత్తిలో ఏదో ఒక మూల పుచ్చిపోయినదని అర్థం.

ఇది ఇంగ్లీషు వైద్యులను నిందించుటకై వ్రాస్తున్న వ్యాసం కాదని పాఠక మహాశయులకు ముందుగానే విన్నవించుకుంటున్నాను. ఈ దోషం అన్ని వైద్యవిధానాలలోనూ ఉన్నది. మన ఆయుర్వేదంలోనూ ఉన్నది. మన ఇళ్ళలో మరింతగా ఉన్నది.

శాస్త్రం ఏమి చెబుతున్నది?

చరక సంహిత విమానస్థానం నాలుగవ అధ్యాయంలో వ్యాధిని తెలుసుకొనుటకు ఆప్తోపదేశం, ప్రత్యక్షం, అనుమానం అని మూడు సాధనాలు చెప్పబడినవి. వైద్యుడు తన ఇంద్రియాలతో రోగిని స్వయంగా పరీక్షించవలెనని, పేగుల చప్పుడును, కీళ్ళ చప్పుడును చెవితోను, వర్ణమును కంటితోను, శీతోష్ణములను చేతితోను గ్రహించవలెనని ఆచార్యుడు బోధించాడు. అయితే ఒక్క రుచి విషయంలో మాత్రం వైద్యుని నాలుక పనికిరాదు. రోగి నోటిలో చేదుగా ఉన్నదో, పుల్లగా ఉన్నదో తెలియవలెనంటే రోగిని అడగడం తప్ప మార్గం లేదని అక్కడ స్పష్టంగా చెప్పబడింది. అదే అధ్యాయం చివర, రోగికి వచ్చే కలలను, అతని ఇష్టానిష్టాలను, సుఖదుఃఖాలను కూడా రోగిని ప్రశ్నించియే తెలుసుకోవలెనని ఉన్నది.

ఈ మాటను శ్రద్ధగా గమనించవలసిందిగా కోరుతున్నాను. సుఖదుఃఖాలు రోగిని అడిగి తెలుసుకోవలసినవి. అనగా నొప్పి ఉన్నదా లేదా అన్న విషయంలో రోగియే ప్రమాణం. ఆ నొప్పికి కారణమేమి అన్న విషయంలో వైద్యుడు ప్రమాణం. ఈ రెంటికీ మధ్య ఉన్న గీతను చెరిపివేసి, కారణం తనకు కనబడలేదు గనుక నొప్పియే లేదని తీర్పు చెప్పే వైద్యుడు తన అధికారాన్ని దాటుతున్నాడు.

తక్కిన ఆచార్యులదీ ఇదే మార్గం. వాగ్భటుడు దర్శన, స్పర్శనాల సరసన ప్రశ్నను నిలిపాడు. సుశ్రుతుడు పంచేంద్రియాలతో చేసే ఐదు పరీక్షలకు ప్రశ్నను ఆరవదిగా చేర్చాడు. చికిత్సకు వైద్యుడు, ఔషధం, పరిచారకుడు, రోగి అని నాలుగు పాదాలున్నవని మనందరికీ తెలిసినదే. అందులో ఉత్తమ రోగికి చెప్పిన నాలుగు గుణాలలో జ్ఞాపకత్వం ఒకటి. అనగా తన బాధను వైద్యునికి విడమరచి తెలియజేయగలగడం. చెప్పడం రోగికి గుణమైనప్పుడు వినడం వైద్యునికి విధి కాకుండా ఎట్లా పోతుంది?

నేను గురుకులంలో శుశ్రూష చేసిన రోజులలో మా గురువుగారి పద్ధతి ఒకటి ఉండేది. రోగి చెప్పినదంతా మేము వినవలెను. తరువాత అక్షరం పొల్లుపోకుండా వారికి తిరిగి అప్పజెప్పవలెను. రోగి "గుండెల మీద రోకలిబండ పెట్టినట్లుంది" అంటే, శిష్యుడు వెంటనే సంస్కృత నామం తగిలించి "హృచ్ఛూల" అని చెప్పుటకు వీలు లేదు. "రోకలిబండ పెట్టినట్లున్నదట" అనియే చెప్పవలెను. రోగానికి పేరు పెట్టుట ఆ తరువాతి పని. పేరు ముందు పెట్టినవాడికి ఇక రోగి మాట వినబడదని వారి అభిప్రాయం. నలభై ఏళ్ళకు పైబడిన నా వృత్తిజీవితంలో ఆ అభిప్రాయానికి ఎదురు సాక్ష్యం నాకు కనబడలేదు.

'అన్నీ నార్మల్' అంటే అర్థమేమి?

పరీక్షలు వద్దనే మూర్ఖత్వం నాకు లేదు. రక్తపరీక్ష, స్కానింగు వంటివి వైద్యుని కంటికి దొరకనివాటిని చూపే సాధనాలు. నేను కూడా వాటిని చేయించుకొని రమ్మని పంపుతూనే ఉంటాను. అయితే ఒక్కొక్క పరీక్ష ఒక్కొక్క ప్రశ్నకే సమాధానం చెబుతుంది. అడగని ప్రశ్నకు ఏ యంత్రమూ జవాబివ్వదు. ఒక చోట వల వేసి చేప పడలేదని చెరువులో చేపలే లేవనడం ఎంత సబబో, రెండు పరీక్షలు చూసి బాధ లేదనడం కూడా అంతే సబబు.

ఉదాహరణలు చూడండి. హిమోగ్లోబిన్ సరిగానే ఉన్న స్త్రీకి కూడా శరీరంలో ఇనుము నిల్వలు తరిగిపోయి విపరీతమైన నీరసం, ఆయాసం రావచ్చును. అది తెలియవలెనంటే ఫెర్రిటిన్ పరీక్ష వేరుగా చేయవలెను. గుండెపోటు వచ్చిన వారిలో కొందరికి మొదట తీసిన ఈసీజీ మామూలుగానే ఉండవచ్చును. అందుకే అనుమానం ఉన్నచోట ఈసీజీ మరల మరల తీస్తారు, రక్తంలో ట్రోపోనిన్ చూస్తారు. స్త్రీలలో, వృద్ధులలో, మధుమేహ రోగులలో గుండెపోటు ఛాతీనొప్పి లేకుండా ఆయాసంగాను, వాంతిగాను, దవడ లేక వీపు నొప్పిగాను కనబడవచ్చును. అట్టి వారిని "గ్యాసు" అని చెప్పి పంపివేసిన ఇంట్లో తెల్లవారేసరికి ఏడుపులు వినబడిన ఘట్టాలు మన ఊళ్ళలో తక్కువ కాదు.

పరీక్షలలో ఏమీ తేలనప్పుడు వైద్యుడు చెప్పవలసిన మాట ఇది: "మీరు చెబుతున్న బాధ నిజమే. ఈ పరీక్షలలో కారణం కనబడలేదు. ప్రాణాపాయకరమైనవి కొన్ని లేవని తేలింది. ఈ జాగ్రత్తలు పాటించి రెండు వారాల తరువాత మరల రండి." ఈ నాలుగు వాక్యాలకు అర నిమిషం కూడా పట్టదు. వీటి బదులు "ఏమీ లేదు" అన్న రెండు పదాలు చెప్పడంతో రోగి అప్పటికి వెళ్ళిపోతాడు, రోగం మాత్రం అతని వెంటనే వెళుతుంది.

రోగానికి పేరు తెలియకపోతే వైద్యుడు సిగ్గుపడనక్కరలేదని చరకుడు సూత్రస్థానం పద్దెనిమిదవ అధ్యాయంలో అభయమిచ్చాడు. అన్ని వికారాలకూ స్థిరమైన పేర్లు ఉండవనియు, దోషమును, స్థానమును, హేతువును గుర్తించి చికిత్స ఆరంభించవలెననియు అక్కడి సారాంశం. పేరు తెలియకపోవుట దోషం కాదు. పేరు తెలియలేదు గనుక రోగియే అబద్ధమాడుతున్నాడనుట దోషం.

పేరు పుట్టకముందే బాధ ఉన్నది

నాటి మద్రాసు రాష్ట్రంలో, నెల్లూరు ప్రాంతపు పల్లెలలో కనబడిన ఫ్లోరోసిస్ వ్యాధిని గురించి 1937లో వైద్యులు పరిశోధన ప్రకటించారు. భూగర్భజలంలోని ఫ్లోరైడు ఎముకలలో చేరి మెడ, నడుము కొయ్యబారిపోతాయని లోకానికి తెలిసింది. అంతకు పూర్వం ఆ పల్లెల జనులకు ఆ బాధ లేదా? ఉన్నది. పేరు మాత్రమే లేదు. నేటికీ నల్లగొండ, ప్రకాశం వంటి జిల్లాల నుండి వచ్చిన రోగి మెడ తిప్పలేకున్నానంటే అది ఉత్త కీళ్ళవాతమని తేల్చివేయరాదు. ఏ ఊరి నీరు త్రాగుతున్నారని అడగడం వైద్యుని ధర్మం. త్రాగునీటిలో ఫ్లోరైడు లీటరుకు 1 మిల్లీగ్రాము మించరాదని, వేరే నీరు దొరకనిచోట 1.5 వరకు ఓర్చుకోవచ్చునని మన దేశపు ప్రమాణం. ఆ ఒక్క ప్రశ్న అడగని వైద్యునికి ఆ రోగి ఎన్నటికీ అర్థం కాడు.

చికున్‌గున్యాను గుర్తు చేసుకోండి. 2005 చివరి నుండి 2006 అంతా ఆ జ్వరం ఆంధ్రప్రదేశ్‌ను పట్టి పీడించింది. ఆ ఏడాది దేశం మొత్తం మీద 13 లక్షలకు పైగా అనుమానిత కేసులు నమోదైనవి. ఆ పేరు ఆఫ్రికా ఖండంలోని మకొండె ప్రజల భాషలోనిది. నొప్పులతో మనిషి వంకర తిరిగి వంగిపోవుట అని దాని భావం. జ్వరం వారం రోజులలో విడిచింది. కీళ్ళనొప్పులు మాత్రం కొందరిని నెలల తరబడి, మరికొందరిని ఏళ్ళ తరబడి విడువలేదు. "జ్వరం తగ్గింది కదా, ఇంకా ఎన్నాళ్ళు మూలుగుతావు?" అని కూలిపనికి వెళ్ళలేని మనుషులను ఇంటివారే దెప్పిపొడిచారు. జ్వరం విడిచినా బలం రానంతవరకు శ్రమ కూడదని, వ్యాయామము, అధిక సంచారము పనికిరావని జ్వర చికిత్సలో చరకుడు హెచ్చరించిన సంగతి ఆనాడు పలువురికి గుర్తు రాలేదు.

2020లో కరోనా వచ్చినప్పుడు కూడా ఇదే కథ మరల నడిచింది. పరీక్షలో రోగక్రిమి పోయినదని తేలిన తరువాత కూడా ఆయాసము, నీరసము, మతిమరుపు వదలడం లేదని రోగులు మొత్తుకున్నారు. ఇంగ్లీషులో 'లాంగ్ కోవిడ్' అన్న పేరు పెట్టినది వైద్యులు కాదు, రోగులే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 అక్టోబరులో ఆ స్థితికి నిర్వచనం ప్రకటించింది. అప్పటికి ఏడాదికి పైగా ఆ రోగులలో పలువురు "అంతా మీ ఊహ" అన్న మాటను భరించారు.

ఇక కడుపులో పుండ్ల విషయం. మనోవ్యాకులత వల్లనే, కారం తినడం వల్లనే ఈ పుండ్లు వస్తాయని దశాబ్దాల పాటు రోగులకు నచ్చజెప్పారు. 1982లో ఆస్ట్రేలియా దేశంలోని పెర్త్ నగరంలో రాబిన్ వారెన్, బారీ మార్షల్ అనే ఇద్దరు వైద్యులు ఆ పుండ్ల వెనుక ఒక సూక్ష్మక్రిమి ఉన్నదని కనుగొన్నారు. మొదట వారి మాటను కూడా ఎవరూ నమ్మలేదు. 2005లో వారికి నోబెల్ బహుమానం లభించింది. "నీవు ఎక్కువగా ఆలోచిస్తున్నావు, అందుకే కడుపునొప్పి" అని చెప్పి పంపబడిన లక్షలాది మందికి మాత్రం ఎవరూ క్షమాపణ చెప్పలేదు.

స్త్రీల బాధ మరీ చులకన

అందరికంటే ఎక్కువగా ఈ అవిశ్వాసానికి గురి అయ్యేది మన ఆడపడుచులు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21 లెక్కల ప్రకారం మన దేశంలో 15 నుండి 49 ఏళ్ళ మధ్య స్త్రీలలో నూటికి 57 మంది రక్తహీనులు. నీరసంగా ఉన్నదని చెప్పిన ప్రతి ఇద్దరిలో ఒకరికి రక్తమే చాలనంతగా ఉన్న దేశంలో "పని ఎగ్గొట్టడానికి వేషాలు" అనుట ఎంత దారుణం!

కొంతకాలం క్రిందట ఒక ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయిని నా వద్దకు వచ్చింది. వయస్సు ముప్పై దాటినది. రజస్వల అయిన నాటి నుండి నెలసరికి రెండు రోజుల ముందు మొదలై నడుము, పొత్తికడుపు పిండివేసే నొప్పి. తల్లి "అందరికీ ఉండేదే" అన్నది. ఒక వైద్యుడు "పెళ్ళయితే పోతుంది" అన్నాడు. పెళ్ళయినది, పోలేదు. మరొకరు "కాన్పయితే పోతుంది" అన్నారు. ఆ మాట విన్న అత్తగారు "మేమెవ్వరం కనలేదా, పెంచలేదా" అన్నది. స్కానింగు తీస్తే అందులో ఏమీ లేదన్నారు. ఆమె నా వద్దకు వచ్చి నొప్పి బిళ్ళకు బదులు ఏదైనా చూర్ణం ఇవ్వమని అడిగింది.

నేను చూర్ణం ఇచ్చుటకు ముందు అరగంట సేపు ప్రశ్నలు అడిగాను. ఆ రోజులలో మలవిసర్జన సమయంలో లోపల పొడిచినట్లు ఉంటుందా? దాంపత్య సమయంలో లోతుగా నొప్పి ఉంటుందా? నొప్పి ఏటేటా పెరుగుతున్నదా? అన్నింటికీ ఆమె తల ఊపింది. "ఇవన్నీ మిమ్మల్ని ఎవరూ అడగలేదా అమ్మా?" అంటే "అడిగితే చెప్పేదాన్నే కదండీ" అన్నది. ఒక స్త్రీవ్యాధి నిపుణురాలికి ఉత్తరం వ్రాసి పంపించాను. లాపరోస్కోపీలో ఎండోమెట్రియోసిస్ అని తేలింది. గర్భాశయపు లోపొరను పోలిన కణజాలం గర్భాశయం వెలుపల పెరగడం ఈ వ్యాధి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం సంతానయోగ్య వయస్సులోని స్త్రీలలో సుమారు పదింట ఒకరికి ఇది ఉన్నది. మామూలు స్కానింగులో ఇది అన్ని వేళలా కనబడదు. వ్యాధి మొదలైన నాటికి, గుర్తించిన నాటికి మధ్య అనేక సంవత్సరాలు గడచిపోవడం ఈ వ్యాధిలో పరిపాటి.

చికిత్స అయిన తరువాత ఆమె వచ్చి చెప్పిన మాట ఒకటి నాకు నేటికీ జ్ఞాపకం. "ఆ రిపోర్టును మా అత్తగారికి తెలుగులో చదివి వినిపించానండీ. ఆవిడ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. మర్నాడు పొద్దున కాఫీ ఆవిడే కలిపి ఇచ్చారు." సుమారు ఇరవై ఏళ్ళ నొప్పికి సాక్ష్యంగా ఒక కాగితం కావలసివచ్చింది. కాగితం లేని ఆడవాళ్ళ సంగతి ఏమిటి?

మనస్సుకు సంబంధించినదైతే మాత్రం?

కొందరి బాధకు మూలం నిజంగానే మనస్సులో ఉండవచ్చును. అట్లని అది అబద్ధమా? భయము వల్ల, శోకము వల్ల అతిసారం కలుగుతుందని మన శాస్త్రం చెబుతున్నది. ఆ విరేచనాలు నిజమైనవి. ఆ నీరసం నిజమైనది. కొడుకును పోగొట్టుకున్న తల్లికి నిద్ర పట్టకపోవుట నటన కాదు. ఉన్మాదానికీ, అపస్మారానికీ అధ్యాయాలు కేటాయించిన శాస్త్రం మనది. "మానసికం" అన్న పదం ఒక నిర్ణయం, దాని వెనుక చికిత్స ఉండవలెను. తలుపు మూసివేయుటకు ఆ పదాన్ని గడియగా వాడుకొనరాదు. సరిగా ప్రశ్నించకుండా, తగిన పరీక్ష చేయకుండా, తక్కిన కారణాలు తేల్చకుండా "టెన్షన్" అని చెప్పడం నిర్ణయం కాదు, విసుగు.

మన ఇంటి చీకటి

ఇక మన ఆయుర్వేదుల సంగతి. రోగి కూర్చొనకముందే చేయి పట్టుకొని "మీరేమీ చెప్పనక్కరలేదు, నాడియే చెబుతుంది" అనేవారు మనలో ఉన్నారు. వైద్యుని పరీక్షించుటకై నోరు మూసుకొని చేయి చాపే రోగులు కూడా ఉన్నారు. నాడీ పరీక్ష గొప్ప విద్య, కాదనను. శార్ఙ్గధర సంహితలో అది వివరింపబడింది. మన తెలుగునాట వైద్యులకు చిరపరిచితమైన బసవరాజీయంలోనూ నాడీ విచారణ ఉన్నది. కాని అష్టస్థాన పరీక్షలో నాడి ఎనిమిదింటిలో ఒకటి మాత్రమే. రోగిని మాట్లాడనివ్వకుండా నాడి చూసే వైద్యునికి, రోగి ముఖం చూడకుండా రిపోర్టు చూసే వైద్యునికి తేడా ఏమున్నది? ఇద్దరూ రోగి నోరు మూసినవారే.

అట్లే "వేడి చేసింది", "వాతం", "పైత్యం" అన్న మూడు మాటలలో లోకంలోని రోగాలన్నింటినీ సర్దిపెట్టేవారు మన విధానానికి మేలు చేయడం లేదు. త్రిదోష సిద్ధాంతం ప్రశ్నలు అడుగుటకు దారి చూపేది. ప్రశ్నలు మానుటకు సాకు కాదు.

అన్నింటికంటే పెద్ద ప్రమాదం మరొకటి ఉన్నది. ఎవరూ నమ్మని రోగి, "నేను నమ్ముతున్నాను" అన్న మొదటి మనిషికి సర్వస్వం అప్పగిస్తాడు. ఆ మనిషి పేరులేని పొట్లాలు అమ్మేవాడు కావచ్చును. అట్టి పొడులలో స్టెరాయిడ్లు కలిపి అమ్మిన వైనాలు, శుద్ధి చేయని లోహాల వలన మూత్రపిండాలు చెడిన వైనాలు వైద్యలోకానికి తెలియనివి కావు. అద్భుత చికిత్సల ప్రకటనలను అరికట్టే చట్టం 1954 నుండియే మన దేశంలో ఉన్నది. చట్టం ఉన్నా వ్యాపారం సాగుతున్నదంటే, అందుకు మోసగాని తెలివి సగం కారణం, రోగిని కసిరి పంపిన అర్హుడైన వైద్యుడు మిగిలిన సగం కారణం.

కనుక నమ్మడమంటే ఏమిటో స్పష్టంగా చెప్పవలసి ఉన్నది. రోగి "నాకు నొప్పిగా ఉన్నది" అంటే నమ్మవలెను. రోగి "నాకు ఫలానా వ్యాధి వచ్చింది, ఫలానా మందు ఇవ్వండి" అంటే విచారించవలెను. రోగి కోరినదల్లా ఇచ్చుట దయ కాదు. బాధను నమ్మి, కారణాన్ని పరీక్షించుటయే సద్వైద్యం.

వైద్యుల పక్షాన ఒక మాట

వైద్యులకు తీరిక లేదన్న మాట కొంతవరకు నిజం. ప్రభుత్వ ఆసుపత్రి ఓపీలో వరుస చూసినవారు కాదనలేరు. 2017లో ప్రకటించబడిన ఒక పరిశీలనలో 67 దేశాల లెక్కలు సేకరించారు. ప్రాథమిక వైద్యంలో ఒక్కొక్క రోగికి స్వీడన్‌లో సుమారు ఇరవై రెండున్నర నిమిషాలు, బంగ్లాదేశ్‌లో 48 సెకండ్లు దక్కుతున్నవట. మన దేశపు లెక్క సుమారు రెండు నిమిషాలు.

కాని అసలు చిక్కు కాలం ఒక్కటే కాదు. 1984లో అమెరికాలో జరిగిన ఒక పరిశీలనలో, రోగి తన బాధ చెప్పడం మొదలుపెట్టిన సగటున 18 సెకండ్లకే వైద్యుడు అడ్డు తగులుతున్నట్లు తేలింది. 2002లో స్విట్జర్లాండులో మరొక పరిశీలన చేశారు. అడ్డు తగలకుండా వింటే రోగులు ఎంతసేపు మాట్లాడతారో చూశారు. సగటున 92 సెకండ్లు. అంతే! అనగా మన రెండు నిమిషాలలో కూడా రోగి మాట పూర్తిగా వినుటకు చోటు ఉన్నది. వినాలన్న బుద్ధి ఉంటే చాలును.

రోగులు పాటించవలసినవి

ఒక చిన్న పుస్తకం పెట్టుకొని రోజూ బాధను వ్రాసుకొనవలెను. ఎక్కడ, ఎప్పుడు మొదలైనది, ఎంతసేపు ఉన్నది, ఏమి తింటే, ఏమి చేస్తే పెరిగినది, దేనివలన తగ్గినది అన్నవి ముఖ్యం. తగ్గించేదానినే మన శాస్త్రం ఉపశయం అన్నది; దాచిన వ్యాధిని బయటపెట్టే సాధనాలలో అది ఒకటి. స్త్రీలు నెలసరి తేదీలు కూడా వ్రాసుకొనవలెను.

బాధ వలన ఏ పని చేయలేకపోతున్నారో చెప్పవలెను. "చాలా నొప్పి" అన్న మాటకంటే "బిందె ఎత్తలేకపోతున్నాను", "రెండు మెట్లెక్కితే ఆగవలసి వస్తున్నది" అన్న మాటలు వైద్యునికి ఎక్కువ తెలియజేస్తాయి.

ముఖ్యమైన బాధను మొదట చెప్పవలెను. సిగ్గుపడి, బయలుదేరుతూ గుమ్మం దగ్గర చెప్పే మాటయే తరచు అసలు మాట అవుతుంది.

వాడుతున్న మందులన్నీ, మా వంటివారిచ్చిన చూర్ణాలు, గుళికలతో సహా, దాచకుండా చూపవలెను.

నెమ్మదిగా ఈ రెండు ప్రశ్నలు అడగవలెను: "ఈ పరీక్షల వలన ఏయే వ్యాధులు లేవని తేలినట్లు? ఇంకా ఏవి చూడవలసి ఉన్నవి?" మర్యాదగా అడిగిన ప్రశ్నకు కోపగించుకొనే వైద్యుని విడిచి మరొకరి సలహా తీసుకొనుటలో తప్పు లేదు. ఇంటి మనిషిని ఒకరిని వెంట తీసుకొని వెళ్ళుట మంచిది.

కారణం తేలేలోగా ఉపశమనానికి గృహచికిత్సలున్నవి. పాత కీళ్ళనొప్పులకు గోరువెచ్చని నువ్వులనూనె మర్దనా చేసి, వావిలి ఆకు వేసి కాచిన నీటితో కాపడం పెట్టవచ్చును. కీలు ఎర్రగా వాచి వేడిగా ఉన్నప్పుడు మాత్రం కూడదు. నెలసరి నొప్పికి పొత్తికడుపు మీద వేడినీటి కాపడం, శొంఠి కషాయం సుఖమిస్తాయి. ఇవి ఓదార్పు మాత్రమే, నిర్ణయానికి ప్రత్యామ్నాయం కావు. ఛాతీలో బరువు, ఆయాసం, ఒక ప్రక్క చేయి కాలు చచ్చుబడుట, మాట తడబడుట, రక్తం పడుట, అకారణంగా బరువు తగ్గుట, విడువని జ్వరం కనబడితే ఏ కషాయమూ కాచుకుంటూ కూర్చొనక వెంటనే ఆసుపత్రికి వెళ్ళవలెను.

ఇంటివారికి మనవి

చికిత్సా చతుష్పాదంలో పరిచారకుడు ఒక పాదం. అతనికి రోగి మీద అనురాగం ఉండవలెనని శాస్త్రం నియమించింది. పరిచారకుడంటే ఆసుపత్రి ఉద్యోగి అనుకోనక్కరలేదు. మంచినీళ్ళు అందించే భార్య, భుజం పట్టి నడిపించే కొడుకు, జావ కాచి ఇచ్చే కోడలు అందరూ పరిచారకులే. "నీకెప్పుడూ ఏదో ఒక నొప్పి" అన్న మాట అనురాగం నుండి వచ్చేది కాదు. పైగా ఆ మాట విన్న రోగి మరునాటి నుండి నొప్పి చెప్పడం మానివేస్తాడు. ఇంటివారు నొప్పి తగ్గినదని సంతోషిస్తారు. లోపల వ్యాధి ఒక మెట్టు ఎక్కుతుంది. సుశ్రుతుడు వ్యాధి పెరుగుదలలో ఆరు దశలు చెప్పి, తొలి దశలలోనే పట్టుకోవలెనన్నాడు. ఆ తొలి దశలలో బయటకు కనబడే గుర్తులు స్వల్పం. అప్పుడు వ్యాధి మాట్లాడేది రోగి నోటి ద్వారానే. ఆ నోరు మూయించిన ఇల్లు వ్యాధిని పట్టే అదనును చేజేతులా పోగొట్టుకుంటుంది.

వైద్య విద్యార్థులకు కూడా ఒక మాట. మీరు ఏ కళాశాలలో చదివినా, ఏ విధానం అభ్యసించినా, రోజుకు ఒక్క రోగి మాటనైనా అడ్డు తగలకుండా చివరివరకు విని, అతని మాటలలోనే వ్రాసి ఉంచండి. ఏడాది తిరిగేసరికి మూడు వందల అరవై ఐదు పాఠాలవుతాయి. అట్టి పాఠాలు ఏ గ్రంథాలయంలోనూ దొరకవు. వాటికి రుసుము కూడా లేదు.